పిల్లల చదువుకి పనికొచ్చే వెబ్‌సైట్లు: మా ఇంట్లో నిలబడినవి

శనివారం తెలుగు బడి బయట పిల్లల కోసం ఎదురుచూసే అమ్మల మధ్య తరచూ వినిపించే ప్రశ్న ఒకటుంది. "మీ పాప ఏ వెబ్‌సైట్‌లో చదువుతుంది? డబ్బు కట్టారా? పనికొస్తోందా?" మొన్నమొన్నటి దాకా ఎవరైనా అలా అడిగితే గబగబా నాలుగు పేర్లు చెప్పేసేదాన్ని. ఇప్పుడు కాస్త ఆగి చెబుతున్నాను. ఎందుకు ఆగుతున్నానో ముందు చెబితే, తర్వాత చెప్పబోయే పేర్లు మీకు ఎక్కువ పనికొస్తాయి.

పోయిన ఏడాది మా పాప మూడో తరగతిలో ఉన్నప్పుడు ఒక లెక్కల వెబ్‌సైట్‌కి ఏడాది చందా కట్టాం. పేరు అనవసరం. స్కూలు వాళ్లు చెప్పింది కాదు, ప్రకటన చూసి నేనే ఎంచుకున్నాను. సాయంత్రం నేను వంట చేసుకుంటుంటే తను ల్యాప్‌టాప్ ముందు బుద్ధిగా కూర్చునేది. పిలవకుండానే కూర్చునేది. వారం వారం నాకు ఈమెయిల్ వచ్చేది, "మీ అమ్మాయి అద్భుతంగా రాణిస్తోంది" అని. ఆ మెయిల్‌ని మురిసిపోయి మా అత్తయ్యగారికి కూడా చదివి వినిపించాను.

ఒకరోజు ఇండియన్ షాపులో బియ్యం, కరివేపాకు, మరేవో కొన్నాం. బిల్లు 27 డాలర్లు. చేతిలో 50 డాలర్ల నోటు ఉంది. నోటు పాప చేతికిచ్చి, "మనకి ఎంత తిరిగి రావాలి?" అని అడిగాను. తను నా మొహంలోకి చూసి అడిగిన మాట నాకింకా గుర్తుంది.

"ఆప్షన్స్ ఏంటమ్మా?"

షాపులో నవ్వేశాను. ఇంటికొచ్చాక నవ్వు రాలేదు. ఆ సాయంత్రం పొయ్యి కట్టేసి, పక్కన కుర్చీ వేసుకుని కూర్చుని చూశాను. ప్రశ్న తెర మీదకి రాగానే, చదవకుండా మొదటి జవాబు నొక్కుతోంది. తప్పయితే రెండోది, అదీ తప్పయితే మూడోది. ఎలా నొక్కినా చివరికి ఒప్పు జవాబు తగులుతుంది, నాణెం వస్తుంది. కొన్ని నాణేలు పోగయ్యాక తెర మీది బొమ్మకి కొత్త గౌను కొనుక్కోవచ్చు. అప్పటికి ఆ బొమ్మకి పదకొండు గౌన్లున్నాయి.

తనని కోప్పడ్డాను. ఆ తర్వాత చాలా బాధపడ్డాను. నిజానికి తను మోసం చేయలేదు. ఆ సైట్ దేనికి బహుమతి ఇస్తోందో అది నేర్చుకుంది, అంతే. చూడాల్సినదాన్ని చూడనిది నేను. ఒక గంట తీరిక దొరుకుతోందని, అది చదువేలే అని నాకు నేనే సర్ది చెప్పుకున్నాను.

చేరే ముందు మనం పెట్టాల్సిన పరీక్ష

అప్పటినుంచి ఏ వెబ్‌సైట్‌నైనా పిల్లకి ఇచ్చేముందు నేను కూర్చుని ఒక అరగంట వాడతాను. కావాలనే తప్పు జవాబులు ఇస్తాను. తప్పు చేస్తే ఆ సైట్ ఏం చేస్తుందన్నదే నాకు అన్నిటికంటే ముఖ్యం. "మళ్ళీ ప్రయత్నించు" అని ఊరుకుంటుందా, ఎక్కడ తప్పిందో చూపిస్తుందా, లేక ఏమీ పట్టనట్టు ముందుకి పోతుందా? మంచి టీచరు గుణం పిల్లాడు తప్పు చేసినప్పుడే బయటపడుతుంది. వెబ్‌సైట్ గుణం కూడా అంతే.

తర్వాత, దీన్ని ఎవరు నడుపుతున్నారు, డబ్బు ఎక్కడినుంచి వస్తోంది అని చూస్తాను. విశ్వవిద్యాలయమా, ప్రభుత్వ సంస్థా, లాభాపేక్ష లేని సంస్థా, వ్యాపారమా? వ్యాపారం తప్పు కాదు. కానీ "ఉచితం" అని పిలిచి, పిల్ల ఆటలో మునిగాక మధ్యలో "అమ్మని అడిగి కొనుక్కో" అనే రకాన్ని నేను పెట్టుకోను. పిల్ల పూర్తి పేరు, పుట్టినరోజు, స్కూలు పేరు, ఫోటో అడిగే చోట కూడా ఆగిపోతాను.

ఇక చివరిది రాత్రి భోజనాల దగ్గర. "ఇవాళ ఏం నేర్చుకున్నావు?" అని అడిగితే "లెవెల్ సెవెన్‌కి వెళ్లాను" అని జవాబొస్తే నాకు అనుమానం. "అర, రెండు పావులు ఒకటేనట" అని చెబితే సంతోషం.

కార్డు నంబరు ఇచ్చేముందు ఇంకో మాట. మీ స్కూల్లో ఒకసారి అడగండి. ఆస్ట్రేలియాలోనే పుట్టిన మాథ్లెటిక్స్, రీడింగ్ ఎగ్స్ లాంటి వాటికి చాలా స్కూళ్లు ముందే చందా కట్టి పిల్లలకి లాగిన్ ఇస్తాయి. ఆ కాగితం స్కూలు బ్యాగు అడుగున నలిగిపోయి ఉంటుంది. మనం మళ్ళీ కడతాం. కడితే గనక, చందా దానంతటదే పొడిగించుకునే తేదీ ఎప్పుడో ఆరోజే ఫోన్ క్యాలెండర్‌లో రాసిపెట్టుకోండి.

లెక్కలకి

ఖాన్ అకాడమీ పేరు వినని వాళ్లుండరు. సల్మాన్ ఖాన్ అనే ఆయన 2004లో దూరాన ఉన్న తన బంధువులమ్మాయికి లెక్కలు చెప్పడంతో మొదలై, 2008లో లాభాపేక్ష లేని సంస్థ అయింది. పూర్తిగా ఉచితం. ప్రకటనలు లేవు. నేను పెట్టిన తప్పుల పరీక్షలో నెగ్గింది కూడా. తప్పు చేస్తే ఒక్కో మెట్టూ వివరంగా చూపిస్తుంది, ఆ సహాయం తీసుకున్న లెక్కని ఒప్పుల కింద వేయదు.

అయితే ఇక్కడి వాళ్లం గుర్తుంచుకోవాల్సినవి ఉన్నాయి. అది అమెరికా తరగతుల ప్రకారం ఉంటుంది. మన మూడో తరగతికి వాళ్ల థర్డ్ గ్రేడ్ దగ్గరగా ఉంటుంది కానీ, పాఠాల వరుస ఒకటి కాదు. అంగుళాలు, పౌండ్లు, అమెరికా నాణేలు వస్తాయి. అవి వచ్చినప్పుడు దాటేయమని చెప్పండి, లేకపోతే పిల్లలు తమకి లెక్కలు రావనుకుంటారు. మొదలుపెట్టేటప్పుడు ఒక తరగతి కిందనుంచి మొదలుపెట్టండి. అక్కడ "కోర్స్ ఛాలెంజ్" అని ఒక పరీక్ష ఉంటుంది. అది చేయిస్తే కన్నం ఎక్కడుందో తెలుస్తుంది. మా పాపకి కన్నం మూడో తరగతిలో కాదు, రెండో తరగతి తీసివేతల్లో ఉందని అప్పుడే తెలిసింది.

ఎన్‌రిచ్ అనేది కేంబ్రిడ్జ్ విశ్వవిద్యాలయం వారిది, అదీ ఉచితమే. ఇక్కడ లెక్కలు తక్కువ, ఆలోచన ఎక్కువ. ఒక్క ప్రశ్న మీద అరగంట కూర్చోవచ్చు. నాణేలుండవు, గౌనులుండవు. మొదట్లో పిల్లలకి విసుగ్గా అనిపిస్తుంది. మనం కూడా పెన్సిల్ తీసుకుని కూర్చుంటే ఆసక్తి వస్తుంది. మా ఇంట్లో ఇది ఆదివారం మధ్యాహ్నం పని. వాళ్ల నాన్న కూడా కూర్చుంటారు. ఆయన తప్పు చేస్తే పాపకి ఎంత సంతోషమో చెప్పలేను.

ఇక్కడ తీసివేతల గొడవ ఒకటి చెప్పాలి. ఇది మీ ఇళ్లలోనూ జరిగే ఉంటుంది. 52లోంచి 27 తీసేయమంటే నేను నా చిన్నప్పటి పద్ధతిలో, కిందా పైనా రాసి, పక్కింటినుంచి పది అప్పు తెచ్చి చూపించాను. "మా టీచర్ అలా చెప్పలేదు, నీది రాంగ్" అని పాప కాగితం పక్కకి తోసేసింది. డిగ్రీలో లెక్కలు చదివిన నాకు రెండో తరగతి తీసివేత రాదన్నమాట! కోపం వచ్చింది. తర్వాత స్కూలు పద్ధతి ఏమిటో తెలుసుకున్నాను. ఒక గీత గీసి, 27 దగ్గర నిలబడి, 3 వేస్తే 30, ఇంకో 20 వేస్తే 50, ఇంకో 2 వేస్తే 52. మూడూ ఇరవై రెండూ కలిపితే 25. ఇక్కడి స్కూళ్లలో ఇలాంటి గెంతుల పద్ధతులు ముందు నేర్పుతారు, మన నిలువు పద్ధతి తర్వాత వస్తుంది.

చూస్తే నాకు మా ఊరి కిరాణా కొట్టు గుర్తొచ్చింది. 27 రూపాయల సరుకుకి యాభై ఇస్తే, కొట్టాయన ఎప్పుడైనా తీసివేత చేశాడా? "ఇరవై ఏడు, ముప్పై, నలభై, యాభై" అంటూ మన చేతిలో చిల్లర పెట్టుకుంటూ పోయేవాడు. ఆ మూడు, ఆ పది, ఆ పది. పాప టీచరు చెప్పేది అదే! ఆ మాట చెప్పాక మా మధ్య గొడవ తగ్గింది. వెబ్‌సైట్ ఏదైనా, ముందు మీ పిల్ల తరగతిలో ఏ పద్ధతి చెబుతున్నారో టీచరుని అడగండి. వీడియోలో ఒకటి, స్కూల్లో ఒకటి, అమ్మది ఇంకొకటి అయితే పిల్ల మూడింటినీ వదిలేస్తుంది.

సైన్సుకి

ఇది నాకిష్టమైన భాగం, కాబట్టి కాస్త ఎక్కువ రాస్తాను.

ఫెట్ అనే సైట్‌ని అమెరికాలోని కొలరాడో విశ్వవిద్యాలయం నడుపుతోంది. 2001లో భౌతికశాస్త్రంలో నోబెల్ అందుకున్న కార్ల్ వీమన్ ఆ మరుసటి ఏడు దీన్ని మొదలుపెట్టారు. ప్రయోగశాలలో చేయాల్సినవి తెర మీద చేసి చూసుకోవచ్చు. లాగిన్ అక్కర్లేదు, డబ్బు అక్కర్లేదు. చిన్నపిల్లలకి తూకం చెక్క ఆట పెట్టండి. ఒకవైపు బరువు పెట్టి, రెండోవైపు ఎంత దూరంలో ఎంత బరువు పెడితే సమానంగా నిలబడుతుందో ముందు చెప్పమనండి, ఆ తర్వాతే నొక్కమనండి. ఆ "ముందు చెప్పడం" అనేదే సైన్సు. పెద్దపిల్లలకి విద్యుత్ వలయాలు, అణువు కట్టడం ఉన్నాయి. నేను డిగ్రీలో పుస్తకంలో బొమ్మ చూసి ఊహించుకున్నవి, తను తొమ్మిదేళ్లకి వేలితో కదిపి చూస్తోంది. కొంచెం అసూయగా ఉంటుంది, నిజం చెప్పాలంటే.

స్టెల్లేరియం అనేది ఆకాశాన్ని చూపించే ఉచిత సాఫ్ట్‌వేర్. మీరున్న ఊరు పెడితే ఈ రాత్రి మీ ఇంటి మీద ఏ నక్షత్రాలున్నాయో చూపిస్తుంది. ఇక్కడ పెరిగే మన పిల్లలతో తప్పకుండా చేయాల్సిన పని ఒకటుంది. ముందు విజయవాడ పెట్టి చూడండి. తర్వాత మెల్‌బోర్న్ పెట్టి చూడండి. ధ్రువ నక్షత్రం మాయమవుతుంది. మనం భూమధ్యరేఖకి దక్షిణాన ఉన్నాం కాబట్టి అది ఎప్పుడూ మన దిగంతం కిందే ఉంటుంది. సప్తర్షుల్లో వసిష్ఠుడి పక్కనుండే అరుంధతి కూడా మెల్‌బోర్న్ ఆకాశంలోకి రాదు. ఇక్కడ జరిగే మన పెళ్ళిళ్లలో పురోహితుడు చెయ్యి ఎత్తి ఎటు చూపించినా సరే, అరుంధతి మాత్రం అక్కడ ఉండదు! దానికి బదులు విజయవాడలో దక్షిణాన చాలా కిందకి ఉండే సదరన్ క్రాస్ ఇక్కడ నెత్తిమీద ఉంటుంది, ఈ దేశపు జెండా మీద ఉన్నది అదే. మన మృగశిర ఉండే ఒరైయన్ ఇక్కడ తలకిందులుగా కనిపిస్తుంది. చందమామలో కుందేలు కూడా తలకిందులే.

ఇది చూసిన రోజు పాప విజయవాడలో ఉన్న వాళ్ల తాతయ్యకి ఫోన్ చేసి, "తాతయ్యా, నువ్వు చూసే చందమామ, నేను చూసే చందమామ ఒకటే, కానీ నేను తలకిందులుగా నిలబడి చూస్తున్నా" అంది. ఆయన ఆ రాత్రి డాబా మీదకెళ్లి చూశారట.

తెర ముందునుంచి లేపే తెరలు కూడా కొన్ని ఉన్నాయి. ఫ్రాగ్‌ఐడీ అనేది ఆస్ట్రేలియన్ మ్యూజియం వారు 2017లో పెట్టిన ఉచిత యాప్. వాన పడిన రాత్రి పెరట్లోకో, పార్కులో చెరువు దగ్గరకో వెళ్లి కప్పల బెకబెకలు రికార్డు చేసి పంపితే, అది ఏ జాతి కప్పో నిపుణులు విని చెబుతారు. మన పిల్ల పంపిన ఆ బెకబెక నిజమైన పరిశోధనకి లెక్కలోకి వస్తుంది. అలాగే అక్టోబరులో బర్డ్‌లైఫ్ ఆస్ట్రేలియా వారు పక్షుల లెక్కింపు పెడతారు. ఇరవై నిమిషాలు ఒకచోట కూర్చుని కనిపించిన పక్షులన్నీ లెక్కపెట్టి పంపాలి, అంతే. మెల్‌బోర్న్‌లో ఉండేవాళ్లకి ఇంకో మాట. మెల్‌బోర్న్ మ్యూజియం, స్పాట్స్‌వుడ్‌లోని సైన్స్‌వర్క్స్ రెండింట్లోనూ పిల్లలకి ప్రవేశం ఉచితం. వెబ్‌సైట్‌లో చూసినదాన్ని అక్కడ చేత్తో ముట్టుకోవచ్చు.

చదవడానికి, వినడానికి

ఈ దేశంలో పిల్లలకి దొరికే అన్నిటికంటే మంచి చందా ఉచితమే. అది కౌన్సిల్ లైబ్రరీ కార్డు. కార్డు ఉంటే పుస్తకాలే కాదు, వెబ్‌సైట్లు కూడా వస్తాయన్న సంగతి నాకు నాలుగేళ్ల తర్వాత తెలిసింది. చాలా లైబ్రరీలు బారోబాక్స్ ఇస్తాయి, అందులో ఈ-బుక్స్, ఆడియో పుస్తకాలు అరువు తెచ్చుకోవచ్చు. స్టోరీ బాక్స్ అని ఇంకొకటి, ఇక్కడి రచయితల బొమ్మల పుస్తకాలని మంచి గొంతున్నవాళ్లు చదివి వినిపిస్తారు. విడిగా కొంటే డబ్బులు, లైబ్రరీ ద్వారా అయితే ఉచితం. మన ఇంగ్లీషు ఉచ్చారణ గురించి మొహమాటపడే అమ్మలకి ఇది పెద్ద ఆసరా. అయినా మీరు చదివి వినిపించడం మాత్రం మానకండి. ఉచ్చారణ టీచరు దిద్దుతారు, ఒళ్లో కూర్చోబెట్టుకుని చదివేవాళ్లు వేరే దొరకరు. మీ లైబ్రరీలో ఏమేం ఉన్నాయో కౌంటర్ దగ్గర అడగండి. తెలుగు పుస్తకాలు తెప్పిస్తారా అని కూడా అడగండి. అడిగేవాళ్లు లేకపోతే వాళ్లకి తెలిసేదెలా?

నాలుగో తరగతి దాటిన పిల్లలకి ఏబీసీ వారి బిహైండ్ ది న్యూస్ పెట్టండి. అందరూ బీటీఎన్ అంటారు. 1968నుంచి నడుస్తోంది. ఆ వారం వార్తలని పిల్లలకి అర్థమయ్యేలా చెబుతుంది. ఎన్నికలు, బుష్‌ఫైర్లు, వడ్డీ రేట్లు, అన్నీ. నిజం చెప్పాలంటే, ఈ దేశంలో ఓటు వేసేటప్పుడు అభ్యర్థులకి వరుసగా అంకెలు ఎందుకు వేయాలో నాకు సరిగ్గా అర్థమయ్యేలా చెప్పింది ఈ పిల్లల కార్యక్రమమే.

నాప్లాన్ బెంగ

3, 5, 7, 9 తరగతుల పిల్లలకి నాప్లాన్ ఉంటుంది. 2008లో మొదలైంది. 2023నుంచి మే నెలకి బదులు మార్చిలో పెడుతున్నారు, అంటే స్కూళ్లు తెరిచిన కొద్ది వారాలకే. మూడో తరగతి పిల్లలు రాసే వ్యాసం తప్ప మిగతాదంతా కంప్యూటర్ మీదే. ఫలితాన్ని మార్కుల్లో కాకుండా నాలుగు స్థాయుల్లో చెబుతారు.

మన వాళ్లు దీన్ని పదో తరగతి పబ్లిక్ పరీక్షలా చూస్తారు. నేనూ చూశాను, దాచుకోవడమెందుకు. కానీ ఇది పిల్లని పాస్, ఫెయిల్ చేసే పరీక్ష కాదు. పిల్ల జవాబులని బట్టి తర్వాతి ప్రశ్నలు తేలికవో కష్టమైనవో వస్తాయి. అందుకే బాగా చేసే పిల్లకి కూడా "నాకేమీ రాలేదు" అనిపిస్తుంది. ఇది ముందే చెప్పి పంపండి, ఏడుపు తగ్గుతుంది.

దీనికి డబ్బు కట్టక్కర్లేదు. నాప్లాన్ వారి సొంత సైట్‌లోనే అందరికీ తెరిచిపెట్టిన నమూనా పరీక్షలున్నాయి. లాగిన్ అడగదు. ఒకటి రెండుసార్లు కూర్చోబెడితే చాలు. జవాబుని లాగి పెట్టడం, ప్రశ్నకి జెండా గుర్తు పెట్టి తర్వాత మళ్ళీ రావడం, హెడ్‌ఫోన్‌లో మాట విని స్పెల్లింగ్ టైపు చేయడం అలవాటవుతాయి. తెలిసిన జవాబు, తెర అర్థం కాక పోగొట్టుకోకుండా ఉంటే అదే మనకి కావాల్సింది.

తెలుగుకి

స్టోరీవీవర్ గురించి తెలియని అమ్మలుంటే, ఇవాళే చూడండి. బెంగళూరులోని ప్రథమ్ బుక్స్ 2015లో ప్రారంభించింది. పిల్లల కథలు వందలకొద్దీ భాషల్లో ఉన్నాయి. తెలుగువి చాలా ఉన్నాయి. చదవడం ఎంత వచ్చో దాన్ని బట్టి స్థాయులుంటాయి. మొదటి స్థాయిలో పేజీకి ఒకటి రెండు వాక్యాలే. అన్నీ ఉచితం, దింపుకోవచ్చు, అచ్చు వేసుకోవచ్చు. ఒకే కథ ఇంగ్లీషులోనూ తెలుగులోనూ ఉంటుంది కాబట్టి, పిల్ల ముందు ఇంగ్లీషులో చదివి కథ తెలుసుకుని, తర్వాత తెలుగులో కూడబలుక్కోవచ్చు. కథ తెలిస్తే అక్షరం భయపెట్టదు.

మా ఇంట్లో ఇది వారానికి ఒకసారి. డేలైట్ సేవింగ్ ఉన్నప్పుడు ఇక్కడ శనివారం సాయంత్రం అయిదయితే అక్కడ పదకొండున్నర. వాళ్ల నానమ్మ వంట ముగించుకుని ఫోన్ ముందు కూర్చుంటారు. ఇద్దరూ ఒకే కథ తెరుచుకుంటారు. ఒక పేజీ ఆవిడ, ఒక పేజీ ఇది. మొదట్లో పాప ఒక్కో అక్షరానికీ నావైపు చూసేది. నేను చెప్పబోతే అత్తయ్యగారు, "నువ్వుండమ్మా, అదే చదువుతుంది" అని ఆపేవారు. ఆవిడ ఆగి వింటారు. ఏ వెబ్‌సైట్‌కీ లేని ఓపిక అది. ఇదివరకు ఇద్దరి మధ్యా "తిన్నావా?", "తిన్నా", "బడికెళ్లావా?", "వెళ్లా" తప్ప మాటలుండేవి కావు. ఇప్పుడు కథలో ఏనుగు ఎందుకలా చేసిందని పోట్లాడుకుంటున్నారు.

జాగ్రత్త మాట

2025 డిసెంబరు 10నుంచి ఇక్కడ పదహారేళ్ల లోపు పిల్లలు సోషల్ మీడియా అకౌంట్లు పెట్టుకోకూడదన్న చట్టం అమల్లోకి వచ్చింది. యూట్యూబ్ కూడా అందులో ఉంది. అంటే పాఠాల వీడియోలు చూడకూడదని కాదు. అకౌంట్ లేకుండా చూడొచ్చు, చిన్నపిల్లల యూట్యూబ్ కిడ్స్‌కి ఈ నిషేధం లేదు. మన సొంత అకౌంట్‌తో పిల్లలకి ఇచ్చి కూర్చోబెట్టడం మాత్రం మంచిది కాదు. మనం చూసే సీరియళ్లు, వార్తలు వాళ్ల ముందుకొస్తాయి. ఏ సైట్‌లోనైనా ఇబ్బంది ఎదురైతే ఏం చేయాలో ఈసేఫ్టీ కమిషనర్ వారి సైట్‌లో అమ్మానాన్నల కోసం విడిగా రాసిపెట్టారు, ఒకసారి చదివిపెట్టుకోండి. అయిదు నుంచి పదిహేడేళ్ల పిల్లలకి చదువుకి కాకుండా సరదాకి చూసే తెర రోజుకి రెండు గంటలు మించకూడదన్నది ఇక్కడి ప్రభుత్వ సూచన. గౌను కొనుక్కునే లెక్కల సైట్ ఏ ఖాతాలోకి వస్తుందో మీరే ఆలోచించుకోండి.

మాది ఇప్పుడు చిన్న పద్ధతి. వారంలో నాలుగు రోజులు, రోజుకి ఇరవై నిమిషాలు. అందులో మొదటి పది నిమిషాలు నేనో వాళ్ల నాన్నో పక్కన కూర్చుంటాం. కూర పొయ్యి మీదుంటే సిమ్‌లో పెట్టి కూర్చుంటాను. కుదరని రోజు వెబ్‌సైట్ తెరవం, అంతే. తమ్ముడూ చెల్లీ ఉన్న ఇళ్లలో, ఉద్యోగం చేసే అమ్మలకి ఇది కష్టమని నాకు తెలుసు. అలాంటి వాళ్లు వారానికి ఒక్కరోజు కూర్చున్నా పిల్ల ఏం నొక్కుతోందో తెలుస్తుంది. నాకు తెలియడానికి ఏడాది పట్టింది.

ఆ పాత చందా తేదీ రాగానే రద్దు చేశాను. పాప బొమ్మకి గౌన్లన్నీ పోతాయని ఒక పూట ఏడ్చింది. నేనేమీ అనలేదు, ఏడవనిచ్చాను. పోయినవారం మళ్ళీ అదే ఇండియన్ షాపుకి వెళ్లాం. బిల్లు 34 డాలర్లు, నోటు యాభైది. నేనేమీ అడగలేదు. తను కౌంటర్ అంచు పట్టుకుని, పెదాలు కదుపుతూ, "థర్టీఫోర్, ఫార్టీ, ఫిఫ్టీ... పదహారు" అంది, ఇంగ్లీషులో మొదలుపెట్టి తెలుగులో ముగించి. కౌంటర్‌లో ఉన్న అంకుల్ పదహారు డాలర్లూ తన చేతిలోనే పెట్టారు. తను ఒకసారి లెక్కపెట్టుకుని నాకిచ్చింది.

వచ్చే నెల హైస్కూలు పిల్లల సైట్ల గురించి రాస్తాను. దానికోసం మా పక్కింటి తొమ్మిదో తరగతి కుర్రాడి దగ్గర పాఠాలు నేర్చుకుంటున్నాను. ఉంటాను.